అడిగినవారే కదిలారు



పెద్దలతో నాలుగు మాటలు మాట్లాడితే పనిమీద పూనిక కలుగుతుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. పెద్దవారు చెప్తారు, చిన్నవారు వింటారు, విని ఉత్సాహం తెచ్చుకుంటారు అన్నది మనకు అలవాటైన లెక్క. నల్లగొండ, పాలమూరు జిల్లాల చరిత్రలోకి పోయి చూస్తే ఈ లెక్క తారుమారుగా కనిపిస్తుంది. ఇక్కడ ఊళ్లను కదిలించిన మాటామంతీలో ఎక్కువగా మాట్లాడింది సామాన్యులు, విన్నది నాయకులు. ముందుగా పూనిక కలిగింది కూడా ఆ విన్నవారికే. ఈరోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క విషయం మీదనే.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో ఏం జరిగిందో మనలో చాలామందికి తెలుసు. భూదానోద్యమం అక్కడే మొదలైందని, ఊరి పేరు భూదాన్ పోచంపల్లి అయిందని బడిలో చదువుకున్నాం. కానీ ఆ రోజును ఒక దానం కథగానే గుర్తు పెట్టుకున్నాం. దానం కంటే ముందు అక్కడ ఒక సంభాషణ జరిగింది. దాన్ని కాస్త నిదానంగా తలుచుకోవాలి.

ఆచార్య వినోబా భావే ఆ ఏడాది మార్చి 8న వార్ధా ప్రాంతం నుంచి కాలినడకన బయల్దేరారు. హైదరాబాద్ శివార్లలోని శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ఉంది. రైలు ఉంది, మోటారు ఉంది. అయినా నెల రోజులు నడిచి వచ్చారు. సమ్మేళనం ముగిశాక హైదరాబాద్ జైల్లో ఉన్న కమ్యూనిస్టు ఖైదీలను కలిసి మాట్లాడారు. ఆ తర్వాత నల్లగొండ వైపు అడుగులు వేశారు.

అప్పటి నల్లగొండ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. దొరల గడీల మీద, వెట్టిచాకిరీ మీద, దున్నేవాడికి భూమి కోసం ఐదేళ్లుగా సాయుధ పోరాటం నడుస్తున్నది. ఒకవైపు సైన్యం, పోలీసులు. ఇంకోవైపు కమ్యూనిస్టుల దళాలు. ఎవరు ఎవరితో మాట్లాడినా అనుమానమే. బయటి నుంచి వచ్చిన మనిషికి మనసులో మాట చెప్పుకోవడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అలాంటి చోటికి చేతిలో ఆయుధం లేకుండా, వెనక అధికారం లేకుండా, బక్కపలుచని ఒక పెద్దమనిషి నడుచుకుంటూ వచ్చారు.

పోచంపల్లిలో అప్పుడు సుమారు 700 కుటుంబాలు. అందులో ఎక్కువమందికి సొంత భూమి లేదు. వినోబా తానే దళితవాడకు నడిచి వెళ్లారు. మీ కష్టమేమిటి, మీకు ఏం కావాలి అని అడిగారు. భూమి కావాలన్నారు. అక్కడితో ఆగిపోయి ఉంటే అది ఎన్నికలప్పుడు వచ్చిపోయే పలకరింపు లాంటిదే అయ్యేది. ఎంత కావాలి అని ఆయన మళ్లీ అడిగారు. ఆ రెండో ప్రశ్నతో మాట తీరే మారిపోయింది. వాళ్లు తమలో తాము లెక్క చూసుకున్నారు. 80 ఎకరాలు చాలన్నారు. 40 తరి, అంటే నీటి పారకం ఉన్న భూమి, 40 ఖుష్కి, అంటే మెట్ట. 40 కుటుంబాలకు ఇంటికి రెండెకరాలు.

ఆ లెక్కను గమనించండి. తరతరాలుగా జానెడు జాగా లేనివాళ్లు, నోరు తెరిచి అడిగే అవకాశం వచ్చినప్పుడు ఊరంతా మాకే కావాలనలేదు. తరి ఎంత, ఖుష్కి ఎంత, ఇంటికి ఎంత పడుతుంది అని పక్కా రైతుల్లాగా చెప్పారు. తమ అవసరాన్ని తామే కొలిచి చెప్పగలిగినవాళ్లకు ఇంకెవరో వచ్చి ఉత్సాహం నూరిపోయాల్సిన అవసరం ఏముంది? అది వాళ్లలో అప్పటికే ఉంది. అడిగిన మనిషే అంతవరకు లేడు.

వినోబా దగ్గర ఇవ్వడానికి గుంట భూమి కూడా లేదు. ఆ సంగతి ఆయన దాచలేదు. దరఖాస్తు రాసివ్వండి, ప్రభుత్వానికి పంపుతానన్నారు. తర్వాత అక్కడ చేరిన ఊరివాళ్ల వైపు తిరిగి, సర్కారు నుంచి రాకపోతే మీరే ఏమైనా చేయగలరా అని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నిలబడి, నూరెకరాలు ఇస్తానన్నారు. సాయంత్రం ప్రార్థన సభలో నలుగురి ముందూ ఆ మాటను మళ్లీ చెప్పారు.

రామచంద్రారెడ్డి చేసింది చిన్న పని కాదు. అయినా ఆ రోజు సంగతుల్లో నన్ను ఎక్కువగా పట్టుకునేది వినోబా పరిస్థితి. పొద్దున ఊళ్లోకి అడుగుపెట్టినప్పుడు ఊరూరా భూమి అడగాలనే ఆలోచన ఆయనకు లేదు. ఉద్యమం లేదు, పథకం లేదు, దానికో పేరు కూడా లేదు. 80 ఎకరాలు చాలన్నవాళ్ల మాట, నూరు ఇస్తానన్న మనిషి మాట చెవిన పడ్డాక ఆయనకు దారి కనిపించింది. ఆ తర్వాతి ఊళ్లలో తానే అడగడం మొదలుపెట్టారు. తెలంగాణలో 51 రోజులు, సుమారు 200 ఊళ్లు తిరిగేసరికి దానంగా వచ్చిన భూమి 12 వేల ఎకరాలు దాటింది. అక్కడి నుంచి మొదలైన నడక 1964 దాకా, 13 ఏళ్లు, దేశమంతా సాగింది. 40 లక్షల ఎకరాలకు పైగా దానంగా ప్రకటించారు. లోకమంతా వినోబాను ప్రేరణ ఇచ్చిన నాయకుడని చెప్పుకుంటుంది. ఆయనకు ప్రేరణ ఇచ్చింది పోచంపల్లి దళితవాడ. అక్కడ లెక్క చెప్పిన మనుషుల పేర్లు మన పుస్తకాల్లో పెద్దగా కనిపించవు. అది మన చరిత్ర రచనలో ఉన్న లోటు.

భూదానం అనుకున్నంత ఫలితం ఇచ్చిందా అని అడిగితే, ఇవ్వలేదనే చెప్పాలి. రాళ్లూ రప్పలూ దానమిచ్చిన చోట్లున్నాయి. కోర్టు కేసుల్లో చిక్కిన భూములున్నాయి. పంచకుండా మిగిలినవి, చేతులు మారినవి ఉన్నాయి. దానాలతో భూమి సమస్య తీరదని కమ్యూనిస్టులు అప్పుడే అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. నాకనిపించేది ఏమిటంటే, ఉద్యమం పెరుగుతున్నకొద్దీ ఎన్ని ఎకరాలు వచ్చాయన్న లెక్క ముందుకొచ్చింది. మీకు ఎంత కావాలి, తరి ఎంత, ఖుష్కి ఎంత అని తీసుకునేవాళ్లను కూర్చోబెట్టి అడగడం వెనకబడింది. పోచంపల్లిలో మాట్లాడినంత వివరంగా ప్రతి ఊళ్లో తీసుకునేవాళ్లతో మాట్లాడి ఉంటే, ఆ భూముల కథ ఇంకోలా ఉండేదేమో.

ఇంకొంచెం వెనక్కి పోదాం. 1921 నవంబరులో హైదరాబాద్‌లో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. వేరే భాషల్లో ప్రసంగాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేశారు, ఎగతాళి చేశారు. ఆయన మాట పూర్తికానియ్యలేదు. ఆ రాత్రి టేకుమాల రంగారావు ఇంట్లో కొద్దిమంది కూర్చుని ఆ అవమానం గురించి మాట్లాడుకున్నారు. ఆంధ్ర జన సంఘం ఆ మాటల్లోంచే పుట్టింది. అందులో పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు ఉన్నారు. మాడపాటి హనుమంతరావు ఆ సంఘాన్ని ఏళ్ల తరబడి మోశారు. గ్రంథాలయాలు పెట్టించారు, ఊళ్లలో వెట్టికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచారు. ఒక మనిషి మాటను నిండు సభ తోసేస్తే, ఒక ఇంట్లో కూర్చున్న పదిమంది అక్కున చేర్చుకున్నారు. హైదరాబాద్ రాజ్యంలో తెలుగువాళ్ల మేలుకొలుపు అక్కడి నుంచి లెక్క.

ఆ సంఘమే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి సభకు సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షులు. 1931లో రెండో సభ నల్లగొండ జిల్లా దేవరకొండలో. అధ్యక్షులు బూర్గుల. మొదటి రెండు సభలకూ పాలమూరు మనుషులే పెద్దలుగా కూర్చున్నారు. 1936లో సభ పాలమూరు జిల్లాకే, షాద్‌నగర్‌కు వచ్చింది. వకీళ్లు, వర్తకులు, పట్టాదారులు చదువు గురించి, భాష గురించి, పరిపాలన గురించి వినయంగా తీర్మానాలు చేసేవారు. అవి అవసరమైన తీర్మానాలే. అయితే సభలోకి వచ్చి కూర్చునే స్తోమత ఉన్నవాళ్ల మాటలే అక్కడ వినబడేవి.

1941లో నల్లగొండ జిల్లా చిలుకూరులో సభ జరిగినప్పుడు అధ్యక్ష స్థానంలోకి రావి నారాయణరెడ్డి వచ్చారు. భువనగిరి తాలూకా బొల్లేపల్లి ఆయన ఊరు. భూమి ఉన్న ఇంట్లో పుట్టినవారు. 1944లో భువనగిరి సభకు మళ్లీ ఆయనే అధ్యక్షులు. ఆ సభలో సభ్యత్వ రుసుమును రూపాయి నుంచి నాలుగణాలకు తగ్గించారు. ఆ రోజుల్లో కూలి మనిషికి రూపాయి అంటే చాలా రోజుల కష్టం. నాలుగణాలు చేయడమంటే, నువ్వు కూడా లోపలికి రా, నీ గోస నువ్వే చెప్పు అని పిలవడం. అలా పిలిచాక పాలేర్లు వచ్చారు, కౌలుదార్లు వచ్చారు, వెట్టి చేసేవాళ్లు వచ్చారు. సంఘం అనే మాట చెప్తేనే గడీలో దొరకు కోపం వచ్చే రోజులు మొదలయ్యాయి. తీర్మానాల సభ జనం సంఘంగా మారింది. అది రావి నారాయణరెడ్డిని కూడా మార్చింది. భూస్వామి కుటుంబంలోంచి వచ్చి భూస్వాముల మీద పోరాటానికి నాయకుడయ్యారు. 1952 మొదటి సాధారణ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 3 లక్షలకు పైగా ఓట్లతో గెలిచారు. ఆ ఎన్నికల్లో నెహ్రూకు వచ్చిన ఓట్ల కన్నా అవి ఎక్కువ. ద్విసభ్య నియోజకవర్గం కాబట్టి ఓటరుకు రెండు ఓట్లు ఉండేవన్న సంగతి కూడా చెప్పుకోవాలి. అయినా ఆ జనం ఆయన్ను తమ మనిషి అనుకున్నారన్నది నిజం.

పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి ఇదే పనిని కలంతో చేశారు. గద్వాల దగ్గరి ఇటిక్యాలపాడు ఆయన ఊరు. 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే, ఆయన కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరికీ కబురు పంపారు. మీ దగ్గర కవులు ఎవరున్నారు, ఏం రాశారు, పంపండి అని అడిగారు. సంస్థానాల కొలువుల నుంచి, మారుమూల పల్లెల నుంచి కవితలు వచ్చాయి. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అందులో 354 మంది కవులున్నారు.

ఆ సంచిక గురించి చెప్పేటప్పుడు ఎంత గట్టి జవాబిచ్చారో అని మెచ్చుకుంటాం. నేను ఆ పల్లెటూరి కవి వైపు నుంచి ఆలోచిస్తాను. తాటాకు మీదనో, పాత నోటుబుక్కులోనో పద్యాలు రాసుకుని పెట్టెలో దాచుకున్న మనిషికి హైదరాబాద్ నుంచి ఒక సంపాదకుడు, నువ్వేం రాశావో చూపించు అని అడగడం ఎంత పెద్ద విషయం! అలా అడగడానికి సంపాదకుడికి ఓపిక కావాలి, తనకు తెలియని కవులు ఉంటారని ఒప్పుకునే మనసు కావాలి. ప్రతాపరెడ్డికి ఆ మనసు కడదాకా ఉంది. ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధాలను పక్కకు పెట్టి జనం తిండి, బట్ట, ఆటలు, నమ్మకాలు రాశారు. తెలుగులో మొదటి సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. అప్పటికి ఆయన లేరు.

నాయకులు వినాలంటున్నాను సరే, నాయకులు మాట్లాడితే ఎలా ఉండాలో కూడా నల్లగొండ నేర్పింది. మల్లు స్వరాజ్యం గారిది సూర్యాపేట ప్రాంతంలోని కర్విరాల కొత్తగూడెం. కలిగిన కుటుంబం. పదకొండు పన్నెండేళ్ల వయసులోనే ఇంట్లోవాళ్ల కట్టుబాటు కాదని, పనిచేసే ఆడవాళ్లకు బియ్యం పంచారు. సాయుధ పోరాట దళంలో పనిచేశారు. 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచారు. 2022లో కన్నుమూశారు. ఆమె ఆత్మకథ నోటితో చెప్పినది, ఇద్దరు రచయిత్రులు కూర్చుని విని రాసినది. ఆమెను వేదికల మీద విన్నవారికి తెలుసు, ఎక్కడా పుస్తక భాష ఉండేది కాదు. బతుకమ్మ దగ్గర పాడుకునే ఉయ్యాల పాటల బాణీలోనే ఆ రోజుల్లో జనానికి విషయం చెప్పేవారు. ఎదుటి ఆడమనిషి నోట్లో ఉన్న మాటలనే తీసుకుని ఆమెకు తిరిగి ఇచ్చేవారు. విన్నవాళ్లకు ఇది ఎవరో పెద్దావిడ చెప్పే నీతి అనిపించేది కాదు, మన గోసే మన నోటితో చెప్తున్నదనిపించేది.

పోచంపల్లికి ఎక్కువ దూరం లేని సర్వేల్ అనే ఊరి గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదటి గురుకుల పాఠశాల అక్కడ మొదలైంది. ఆ బడికి భూమి ఇచ్చినవారు మద్ది నారాయణరెడ్డి, సర్వోదయ కార్యకర్త. పల్లె పిల్లలు అక్కడే ఉండి, అక్కడే తిని, మంచి చదువు చదువుకునే ఆ పద్ధతి తర్వాత రాష్ట్రమంతా వందల బళ్లుగా విస్తరించింది. భూదాన కాలపు మాటలు చెవిన పడిన తరం నుంచే ఆ బడికి నేల దొరికింది. భూదానం విఫలమైందని తేలిగ్గా కొట్టిపారేసేవారికి నేను సర్వేల్ వెళ్లి చూడమని చెప్తాను.

ఇక అధికారుల్లో ఒకరిని తలుచుకోకుండా ఈ ప్రసంగం పూర్తికాదు. ఎస్.ఆర్. శంకరన్ తమిళనాట పుట్టి, ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో పనిచేసిన ఐఏఎస్ అధికారి. వెట్టి కార్మిక వ్యవస్థను రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చినప్పుడు, జీతానికి ఉన్న పాలేర్లు గెజిట్ చదివి ఆ సంగతి తెలుసుకునేవాళ్లు కాదని ఆయనకు తెలుసు. ఊళ్లకు వెళ్లి, వాళ్లతో మాట్లాడి, మీరు ఇక ఎవరికీ బందీలు కారని చెప్పాలని అధికారులను ముందుకు తోశారు. సాంఘిక సంక్షేమ గురుకులాల వెనక ఆయన ఆలోచన ఉంది. ఒంటరిగా, నిరాడంబరంగా బతికారు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య మాటలు జరగాలని, తుపాకులు ఆగాలని పౌర స్పందన వేదిక తరఫున ఏళ్లపాటు తిరిగారు. 2004లో చర్చలు జరిగాయి. నిలబడలేదు. అయినా ఇరువైపులవాళ్లూ గౌరవించిన మనిషి ఆయన.

కోలారు బంగారు గనుల దగ్గర పుట్టిన తెలుగు కుటుంబపు బిడ్డ బెజవాడ విల్సన్‌కు శంకరన్ అండ దొరికింది. చేతులతో మలం ఎత్తే పనిని దేశంలో లేకుండా చేయాలని విల్సన్ మొదలుపెట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్‌కు శంకరన్ తోడు నిలిచారు. అంత పెద్ద అధికారి, పాకీ పనివాళ్ల ఇళ్లలోంచి వచ్చిన యువకుడి పక్కన సమానంగా కూర్చుని పనిచేశారు. 2016లో విల్సన్‌కు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. అది చూడటానికి శంకరన్ లేరు, 2010లోనే పోయారు.

ఇవన్నీ పెద్దవాళ్ల కథలు, మాకు ఇప్పుడు అలాంటివాళ్లు ఎక్కడ దొరుకుతారు అని మీలో యువకులు అనుకుంటూ ఉండవచ్చు. ఉద్యోగ పరీక్షలకు చదివి చదివి విసిగినవారు, బొంబాయికో పూణేకో వలస పోయి తిరిగి వచ్చినవారు, ఫోన్‌లో స్ఫూర్తి ప్రసంగాలు వింటూ పొద్దుపుచ్చేవారు పాలమూరులోనూ నల్లగొండలోనూ ఎంతోమంది ఉన్నారు. ఆ ప్రసంగాలు విన్నంతసేపు ఒళ్లు వేడెక్కుతుంది. తెల్లారేసరికి ఏమీ మిగలదు. ఎందుకంటే ఆ మాట్లాడే మనిషి మిమ్మల్ని ఏమీ అడగలేదు. మీ ఊరేమిటో, మీ అవసరం తరి ఎంతో ఖుష్కి ఎంతో ఆయనకు తెలియదు.

మీ ఊళ్లోనే చూడండి. మహిళా సంఘాన్ని ఇరవై ఏళ్లుగా నడుపుతున్న ఒక అక్క ఉంటుంది. బ్యాంకు మేనేజరు ముందు మొదటిసారి నిలబడి అప్పు అడిగిన రోజు గురించి ఆమెను అడగండి. పదవి పోయాక కూడా జనం పని మీద మండలాఫీసు చుట్టూ తిరిగే మాజీ సర్పంచి ఉంటాడు. పిల్లలు బడి మానేస్తే ఇంటిదాకా వెళ్లే పంతులు గారు ఉంటారు. గీత కార్మికుడు చెట్టు మీదినుంచి పడితే నష్టపరిహారం కోసం కాగితాలు పట్టుకుని తిరిగే సంఘం మనిషి ఉంటాడు. వాళ్ల దగ్గరికి పోయి జీవితంలో ఎలా పైకి రావాలి అని అడగకండి. ఒక పని గురించి అడగండి. ఆ చెరువు పూడిక ఎట్ల తీయించినవు, ఎవరు అడ్డం పడ్డరు, పైసలు ఎక్కడియి, ఎక్కడ దెబ్బతిన్నవు అని అడగండి. ఓడిపోయిన సంగతులు దాచకుండా చెప్పే మనిషి దొరికితే, ఆ మనిషిని వదలకండి. తర్వాత నువ్వేం చేస్తున్నవు బిడ్డా అని ఆయన మిమ్మల్ని అడిగితే, మొహమాటపడకుండా చెప్పండి. మీ జవాబు విని ఆయన మనసులో ఏదో ఒక పని మళ్లీ మొలకెత్తవచ్చు. ఊళ్లో నలుగురికీ పనికొచ్చినవారు, వయసు మీదపడి నన్నెవరు అడుగుతరులే అని ఇంట్లో కూర్చుంటున్నారు. మీరు అడగడం వాళ్లకు కూడా కావాలి.

నాయకత్వంలో ఉన్నవారికి, సర్పంచులకు, వార్డు సభ్యులకు, అధికారులకు ఒక విన్నపం. గ్రామసభ పెట్టినప్పుడు వేదిక మీది ప్రసంగాలు తగ్గించి, వెనక నిలబడినవాళ్లతో ముందు మాట్లాడించండి. మీ చేతిలో లేనిది లేదని చెప్పండి. పోచంపల్లిలో వినోబా అదే చేశారు. ఇవ్వలేనని చెప్పినందుకు ఆయన్ను ఎవరూ తక్కువ చూడలేదు.

అడగకపోతే ఏమవుతుందో కూడా నల్లగొండకు తెలుసు. మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్లు పచ్చబడి, ఎముకలు వంగిపోయి, నడుము నిలవని మనుషులు ఇంటింటికీ ఉండేవారు. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టి నల్లగొండ టెక్నిక్ అని ప్రపంచమంతా చదువుకుంది. ఊళ్లకు మాత్రం మంచినీళ్లు రాలేదు. ధర్నాలు చేశారు, వినతిపత్రాలు ఇచ్చారు. చివరికి జలసాధన సమితి ఆధ్వర్యంలో 1996 లోక్‌సభ ఎన్నికల్లో జనం పెద్ద ఎత్తున నామినేషన్లు వేశారు. మొత్తం 480 మంది అభ్యర్థులు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. దేశం మొత్తం నల్లగొండ వైపు చూసింది.

ఆ ఎన్నికల్లో గెలిచినవారు బొమ్మగాని ధర్మభిక్షం. సూర్యాపేటలో విద్యార్థుల కోసం హాస్టల్ నడిపిన మనిషి, గీత పనివారిని సంఘంగా కట్టిన మనిషి. జనం కోపం అంత పెద్ద కాగితం మీద అచ్చయి వచ్చిన ఎన్నికలో కూడా, జనం తమతో మాట్లాడిన పాత మనిషినే ఎంచుకున్నారు. ఆ ఏడాదే చట్టం మారింది. అప్పటిదాకా 500 రూపాయలున్న లోక్‌సభ డిపాజిట్ 10 వేలు అయింది. 480 మంది ఎందుకు నిలబడ్డారని అడగడం కంటే, ఇంకోసారి నిలబడకుండా చూడటం సులువనిపించింది ఢిల్లీకి. కృష్ణా నీళ్లు ఊళ్లకు రావడానికి ఇంకా ఏళ్లు పట్టాయి.

ఆ 480 మందిలో చాలామంది మామూలు రైతులు, కూలీలు, చిన్న చిన్న పనులు చేసుకునేవాళ్లు. అప్పుడు ముప్పై నలభై ఏళ్లున్నవారు ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఒకరైనా ఉంటారు. డిపాజిట్ పైసలు ఎవరిచ్చారు, కలెక్టరాఫీసుకు ఎట్లా పోయారు, నామినేషన్ కాగితం ఎవరు నింపారు, ఏ గుర్తు వచ్చింది, ఎన్ని ఓట్లు పడ్డాయి, ఇంట్లోవాళ్లు ఏమన్నారు. అడిగి, చెప్పింది రాసిపెట్టుకోండి. ఫోన్‌లో రికార్డు చేసినా సరే. ఈ ఎండాకాలం సెలవుల్లో మొదలుపెట్టండి.